240 జవాబులంటే 240 మంది కాదు కదా!

ఉత్తరం: పబ్లిక్ హెల్త్‌లో ప్రాజెక్టు చేస్తున్నానండీ. మందు వేసుకునే ముందు ఎక్స్‌పైరీ డేట్ చూసుకోవాలని 120 మందికి ట్రైనింగ్ ఇచ్చాం. ట్రైనింగ్‌కి ముందు ఒకసారి, నెల తర్వాత ఒకసారి "మీరు డేట్ చూస్తారా" అని అడిగాం. ముందు 48 మంది చూస్తామన్నారు, తర్వాత 60 మంది అన్నారు. మొత్తం 240 జవాబులతో కై స్క్వేర్ చేస్తే పి వాల్యూ 0.12 వచ్చింది. ట్రైనింగ్ వల్ల ఉపయోగం లేదని రాసెయ్యాలా? ఇంకో టేబుల్‌లో అయిదు రకాల వృత్తులు, మూడు రకాల జవాబులు (అస్సలు చూడను, అప్పుడప్పుడు చూస్తా, ప్రతిసారీ చూస్తా) పెట్టాను. అక్కడ పి 0.03 వచ్చింది గానీ కింద "40 శాతం సెల్స్‌లో ఎక్స్‌పెక్టెడ్ కౌంట్ 5 కన్నా తక్కువ" అని వార్నింగ్ వచ్చింది. గైడ్ గారు కేటగిరీలు కలిపెయ్యమంటున్నారు, ఫ్రెండ్ ఫిషర్ టెస్ట్ చెయ్యమంటున్నాడు. 0.03 అంటే సంబంధం లేకపోయే ఛాన్స్ 3 శాతమే అనుకోవచ్చా? ఇంకో డౌటు, జెనెటిక్స్ చదివే మా అన్నయ్యా, భాషాశాస్త్రం చదివే రూమ్మేటూ కూడా ఇదే టెస్ట్ వాడుతున్నారు, అన్నిటికీ ఒకే టెస్ట్ ఎలా సరిపోతుంది?

జవాబు: మీరు వార్నింగ్ వచ్చిన టేబుల్ గురించి బెంగ పెట్టుకున్నారు గానీ నాకు భయం వేసింది మాత్రం ఏ వార్నింగూ రాని మొదటి టేబుల్ చూసి. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

కై స్క్వేర్ చేసే పని చాలా చిన్నది. రెండు విషయాలకీ సంబంధమే లేకపోతే ఒక్కో సెల్‌లో ఎంతమంది ఉండాలో లెక్కేస్తుంది, అంటే ఆ వరస మొత్తాన్ని ఆ నిలువు మొత్తంతో గుణించి మొత్తం మందితో భాగిస్తుంది, దాన్నే ఎక్స్‌పెక్టెడ్ అంటాం. అసలు వచ్చిన సంఖ్యకీ దీనికీ ఉన్న తేడాని వర్గం చేసి ఎక్స్‌పెక్టెడ్‌తో భాగించి అన్ని సెల్స్‌వీ కూడుతుంది. మీ టేబుల్‌లో "చూస్తాం" అన్నవాళ్ళు రెండుసార్లూ 54 చొప్పున, "చూడం" అన్నవాళ్ళు 66 చొప్పున ఉండాలి, వచ్చినవి 48, 60, 72, 60. అన్ని చోట్లా తేడా 6. లెక్క కడితే 2.42, పి 0.12 (సంబంధమే లేకపోయినా ఇంత గానీ ఇంతకన్నా ఎక్కువ గానీ తేడా కాకతాళీయంగా వచ్చే ఛాన్స్ ఇది, మామూలుగా 0.05 కన్నా తగ్గితేనే తేడా ఉందంటారు). మీ లెక్క కరెక్టే, ఎక్కడా కూడిక తప్పలేదు.

తప్పింది లెక్క కాదు, మనుషులు. ఈ టెస్ట్ టేబుల్‌లో పడిన ప్రతి ఒక్కటీ వేరే వేరే మనిషి అని నమ్మేసి మొదలవుతుంది, మీ దగ్గరున్నది 120 మంది, ఒక్కొక్కరూ రెండుసార్లు లెక్కలోకి వచ్చారు. ముందు రోజుల్లో డేట్ చూసే అలవాటున్న మనిషి తర్వాత కూడా చూస్తాడు, ఆ రెండు జవాబులూ ఒకదానికొకటి ముడిపడే ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌కి మీరిచ్చింది నాలుగు అంకెలే కదా, వాటి వెనక ఎవరున్నారో దానికెలా తెలుస్తుంది, అందుకే కిక్కురుమనకుండా జవాబిచ్చేసింది.

ఇలాంటి ముందు-తర్వాత డేటాకి వేరే టెస్ట్ ఉంది, మెక్‌నిమార్ టెస్ట్, 1947 నాటిది. దాని ఆలోచన నాకు భలే ఇష్టం, ఎందుకంటే అది మాట మార్చినవాళ్ళని మాత్రమే చూస్తుంది. ముందూ తర్వాతా ఒకే జవాబు చెప్పినవాళ్ళు ట్రైనింగ్ గురించి మనకి ఏమీ చెప్పట్లేదు, కాబట్టి వాళ్ళని పక్కన పెట్టి, "చూడను" నుంచి "చూస్తా"కి వచ్చినవాళ్ళెంతమంది, "చూస్తా" నుంచి "చూడను"కి వెళ్ళినవాళ్ళెంతమంది అని అడుగుతుంది. ట్రైనింగ్ పని చెయ్యకపోతే రెండు గుంపులూ దాదాపు సమానంగా ఉండాలి.

ఉదాహరణకి మీ ఫారాలు జత చేసి చూస్తే 16 మంది మంచివైపు మారారు, 4గురు వెనక్కి జారారు అనుకుందాం. 48 లోంచి 4 పోయి 16 కలిస్తే 60, మీ అంకెలకి సరిపోయింది. తేడా 12, దాని వర్గం 144, మారినవాళ్ళు మొత్తం 20 మంది, 144ని 20తో భాగిస్తే 7.2, పి 0.007. మారినవాళ్ళు ఇంత తక్కువున్నప్పుడు ఎగ్జాక్ట్ పద్ధతి వాడటం మేలు, దాంట్లో 0.012 వస్తుంది. ఎలా చూసినా ట్రైనింగ్‌కి ముందుకీ తర్వాతకీ తేడా ఉన్నట్టే. ఇప్పుడు ఇంకోలా అనుకుందాం, 46 మంది ఇటు మారారు, 34 మంది అటు మారారు. అప్పుడు కూడా 48 కాస్తా 60 అవుతుంది, మీ టేబుల్ అక్షరం కూడా మారదు. కానీ 144ని 80తో భాగిస్తే 1.8, పి 0.18. అంటే మీరు పంపిన టేబుల్ ఒక్కటే అయినా దాని వెనక రెండు వేర్వేరు కథలుండొచ్చు, ఏ కథో మీ ఫారాల్లో ఉంది, టేబుల్‌లో లేదు.

కాబట్టి ఫారాల మీద కోడ్ నంబర్లు వేసుంటే ఇవాళే కూర్చుని జత చెయ్యండి. నంబర్లు వెయ్యకపోతే మాత్రం ఎవరి ముందు జవాబు ఎవరి తర్వాత జవాబుతో కలపాలో తెలీదు, అప్పుడు మెక్‌నిమార్ కుదరదు, ఆ సంగతి థీసిస్‌లో దాచకుండా రాయాలి. ఇంకోటి, జత చేశాక పి చిన్నది వచ్చినా "ట్రైనింగ్ వల్లే మారారు" అనెయ్యకండి. ట్రైనింగ్ తీసుకోని గుంపు మీకు లేదు కదా, ఆ నెలలో టీవీలోనో ఇంకెక్కడో ఎక్స్‌పైరీ మందుల వార్త ఏదన్నా వచ్చి అందరూ జాగ్రత్తపడి ఉండొచ్చు. రెండోసారి అడిగేసరికి మీరు ఏ జవాబు కోరుకుంటున్నారో కూడా వాళ్ళకి తెలిసిపోయుంటుంది.

ఇక వార్నింగ్ వచ్చిన టేబుల్. అయిదు వృత్తులు, మూడు జవాబులు, 15 సెల్స్, అందులో 6 సెల్స్‌లో ఎక్స్‌పెక్టెడ్ 5 కన్నా తక్కువ. కై స్క్వేర్ నుంచి పి వాల్యూ తీసేటప్పుడు ఒక ఉజ్జాయింపు వాడతాం, సంఖ్యలు మరీ చిన్నవైతే అది గాడి తప్పుతుంది. 20 శాతం కన్నా ఎక్కువ సెల్స్‌లో 5 కన్నా తక్కువ ఉండకూడదు, ఏ సెల్‌లోనూ 1 కన్నా తగ్గకూడదు అని కోక్రన్ అనే స్టాటిస్టిక్స్ నిపుణుడు 1954లో చెప్పిన అంచనానే అందరూ వాడుతున్నారు. చాలామంది దీన్ని వచ్చిన సంఖ్యకి వర్తింపజేసి కంగారుపడతారు, చూడాల్సింది ఎక్స్‌పెక్టెడ్‌ని, అసలు సెల్‌లో సున్నా ఉన్నా ఎక్స్‌పెక్టెడ్ 9 ఉంటే ఇబ్బందేమీ లేదు.

మీ గైడ్ గారు చెప్పింది తప్పు కాదు, కానీ కలపడానికి అర్థం ఉండాలి. మందుల దగ్గర ఒకేలా ప్రవర్తిస్తారనడానికి కారణమున్న వృత్తుల్ని కలపొచ్చు, సెల్ చిన్నగా ఉందని స్టూడెంట్లనీ రిటైరైనవాళ్ళనీ ఒక గాటన కడితే ఆ గుంపుకి పేరేం పెడతారు? పైగా ఎలా కలిపితే పి 0.05 కిందకి వస్తుందో చూసుకుంటూ కలిపితే అది టెస్ట్ కాదు, బేరం.

మీ ఫ్రెండ్ చెప్పిందీ తప్పు కాదు. ఫిషర్ ఎగ్జాక్ట్ టెస్ట్ పుట్టిన కథ చాలామందికి తెలుసు, 1920లలో ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ పరిశోధనా కేంద్రంలో ఒకావిడ కప్పులో పాలు ముందు పోశారో టీ ముందు పోశారో తాగి చెప్పగలనంది, అక్కడే పనిచేసే స్టాటిస్టిక్స్ పండితుడు ఫిషర్ గారు ఊరుకోకుండా దానికి ప్రయోగం తయారుచేశారు. 8 కప్పులు, నాలుగింట్లో పాలు ముందు, నాలుగింట్లో టీ ముందు, ఆ నాలుగేవో ఆవిడ ఎంచాలి. 8 లోంచి 4 ఎంచే దార్లు 70, గుడ్డిగా ఎంచితే అన్నీ కరెక్ట్ అయ్యే ఛాన్స్ 70లో 1, అంటే 1.4 శాతం. ఉజ్జాయింపేమీ లేదు, జరగగల టేబుల్స్ అన్నీ లెక్కపెట్టడమే. రెండు వరసలు రెండు నిలువుల కన్నా పెద్ద టేబుల్స్‌కి కూడా ఇదే పద్ధతిని 1951లో ఫ్రీమన్, హాల్టన్ విస్తరించారు, సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది, మరీ పెద్ద టేబుల్ అయితే మాంటె కార్లో అని ఉంటుంది, అది నొక్కితే వేలకొద్దీ టేబుల్స్ కల్పించి పి చెప్తుంది.

కానీ నన్నడిగితే ఇద్దరి మాటా కాదంటాను. "అస్సలు చూడను, అప్పుడప్పుడు, ప్రతిసారీ" అనే జవాబులకి ఒక వరస ఉంది, తక్కువ నుంచి ఎక్కువకి. కై స్క్వేర్‌కి ఆ వరస కనపడదు, మీరు ఆ మూడు నిలువుల్ని ఎలా తారుమారు చేసినా అదే విలువ వస్తుంది, ఫిషర్‌కీ అంతే. ఉన్న సమాచారాన్ని వాడుకోకుండా పారేస్తున్నట్టు కదా. వృత్తులకి వరస లేదు, జవాబులకి ఉంది, అలాంటప్పుడు జవాబులకి ర్యాంకులిచ్చి గుంపుల్ని పోల్చే క్రస్కల్-వాలిస్ టెస్ట్ సరిగ్గా సరిపోతుంది, చిన్న సెల్స్ గొడవ కూడా చాలావరకు తగ్గుతుంది. రెండిటికీ వరస ఉంటే, ఉదాహరణకి వృత్తి బదులు వయసు గుంపులైతే, ట్రెండ్ చూసే టెస్ట్‌లు ఉన్నాయి. ఈ ఎంపిక డేటా చూడకముందే చేసుంటే బాగుండేది, ఇప్పుడు చేస్తున్నారు కాబట్టి పాత 0.03నీ కొత్త దాన్నీ రెండూ రాసెయ్యండి, ఏది ఎందుకు నమ్ముతున్నారో ఒక వాక్యం రాయండి. వైవాలో అడిగేవాళ్ళు దాన్నే మెచ్చుకుంటారు.

మూడో ప్రశ్న, 0.03 అంటే సంబంధం లేకపోయే ఛాన్స్ 3 శాతమా అని. కాదండీ. సంబంధమే లేదని ముందే ఒప్పేసుకుని, అప్పుడు ఇంత తేడా గానీ ఇంతకన్నా ఎక్కువ గానీ కాకతాళీయంగా వచ్చే ఛాన్స్ 3 శాతం అని దానర్థం. ఇది ఎంత బలమైన సంబంధమో కూడా చెప్పదు. వందమంది ఆడవాళ్ళలో 52 మంది, వందమంది మగవాళ్ళలో 48 మంది అవునన్నారనుకోండి, కై స్క్వేర్ 0.32, పి 0.57, ఎవరూ పట్టించుకోరు. అవే శాతాలు, కానీ పదేసి వేలమందిని అడిగారనుకోండి, 5200, 4800 అవుతాయి, కై స్క్వేర్ వంద రెట్లయి 32కి పోతుంది, పి కనపడనంత చిన్నదైపోతుంది. శాతాల్లో తేడా మాత్రం అప్పుడూ నాలుగే, ఇప్పుడూ నాలుగే. సంబంధం బలం చెప్పే క్రామర్ వి రెండు చోట్లా 0.04. అందుకే పి ఒక్కటే రాసి వదిలెయ్యకుండా పక్కన క్రామర్ వి రాయండి, రెండు వరసలు రెండు నిలువుల టేబుల్ అయితే ఆడ్స్ రేషియో (ఒక గుంపులో అవునన్నవాళ్ళకీ కాదన్నవాళ్ళకీ ఉన్న నిష్పత్తి రెండో గుంపులో దానికి ఎన్ని రెట్లో చెప్పేది) రాయండి, అన్నిటికన్నా ముందు శాతాలు రాయండి, చదివేవాళ్ళకి పనికొచ్చేది అవే. పెద్ద టేబుల్‌లో ఏ సెల్ వల్ల తేడా వచ్చిందో తెలియాలంటే అడ్జస్టెడ్ రెసిడ్యువల్స్ (ఒక్కో సెల్‌లో వచ్చిన సంఖ్యకీ ఎక్స్‌పెక్టెడ్‌కీ ఉన్న తేడాని ఒకే కొలతలోకి మార్చి చెప్పేవి) తీయండి, 2 దాటినవీ మైనస్ 2 కిందకి పోయినవీ ఎక్కడున్నాయో చూడండి.

ఇప్పుడు అసలు సరదా ప్రశ్న, అన్నయ్యకీ రూమ్మేట్‌కీ మీకూ ఒకే టెస్ట్ ఎలా అని. కార్ల్ పియర్సన్ 1900లో దీన్ని ఇచ్చినప్పటి నుంచీ లెక్క దాదాపు అదే (పి తీసేటప్పుడు టేబుల్ సైజునిబట్టి వాడే ఫ్రీడమ్ డిగ్రీలు అనే అంకె దగ్గర ఆయన పొరబడితే 1922లో ఫిషర్ సరిచేశారు, దాని మీద ఇద్దరికీ పెద్ద గొడవే అయింది, అది వేరే పురాణం). లెక్క ఒకటే గానీ టేబుల్‌లోకి జనం ఎలా వచ్చారన్నది ఒక్కో రంగంలో ఒక్కోలా ఉంటుంది, జవాబు అర్థం దాన్నిబట్టే మారిపోతుంది.

మీ అన్నయ్య సంగతి తీసుకోండి. 1905 ప్రాంతంలో బేట్‌సన్, సాండర్స్, పన్నెట్ స్వీట్ పీ మొక్కల మీద పనిచేస్తే పూల రంగూ పుప్పొడి ఆకారమూ మెండెల్ చెప్పినట్టు దేనికదిగా రాలేదు. ఊదాపూలు-పొడుగు పుప్పొడి 284, ఊదా-గుండ్రం 21, ఎరుపు-పొడుగు 21, ఎరుపు-గుండ్రం 55. ఇవాళ మనం ఆ 381 మొక్కల మీద కై స్క్వేర్ వేస్తే 160 దాటుతుంది, ఏ సందేహమూ లేదు, రెండూ ముడిపడి ఉన్నాయి. కానీ ఎందుకు ముడిపడ్డాయో వాళ్ళకి సరిగ్గా అంతుపట్టలేదు, ఆ జీన్స్ ఒకే క్రోమోజోమ్ మీద దగ్గరదగ్గరగా ఉంటాయన్న వివరణ తర్వాత మోర్గాన్ అనే శాస్త్రవేత్త ఈగల మీద చేసిన పని నుంచి వచ్చింది. ఇప్పుడు వాళ్ళ రంగంలో తలనొప్పి వేరు, ఒకేసారి లక్షలకొద్దీ జీన్ గుర్తుల్ని పరీక్షిస్తారు, 0.05 పెట్టుకుంటే ఊరికే వేలకొద్దీ "దొరికిపోతాయి", అందుకే గీతని 0.00000005 దగ్గర పెట్టుకున్నారు. మీకూ ఇందులో పాఠం ఉంది, మీ ఫారంలో పది ప్రశ్నలుండి ప్రతిదాన్నీ ప్రతిదానితో కలిపి చూస్తే 45 టెస్ట్‌లు అవుతాయి, అసలేమీ లేకపోయినా రెండో మూడో 0.05 కింద రావడం మామూలే.

మీ రూమ్మేట్ రెండు పదాలు పక్కపక్కన రావడం కాకతాళీయమా కాదా అని చూస్తుంటారు. అక్కడ కష్టం ఏంటంటే భాషలో ఏ పదమూ లాటరీ తీసినట్టు రాదు, లక్షల పదాల కార్పస్‌లో (పోగేసిన పాఠాల సంగ్రహంలో) దాదాపు ఏ జంటని చూసినా సిగ్నిఫికెంట్, అంటే కాకతాళీయం కాదు, అనే వస్తుంది, అరుదైన పదాల దగ్గరేమో ఎక్స్‌పెక్టెడ్ సున్నాకి దగ్గరైపోయి కై స్క్వేర్ గోల పెడుతుంది. 1993లో డన్నింగ్ ఆ అరుదైన పదాల కోసమే లాగ్ లైక్‌లీహుడ్ అనే ఇంకో లెక్క వాడమన్నారు, అప్పట్నుంచీ వాళ్ళు ఎక్కువగా దాన్నే వాడుతున్నారు, పి చూడటం కన్నా జంటల్ని బలాన్నిబట్టి వరసలో పెట్టుకోవడానికి.

మీ రంగం విషయానికొస్తే డాల్, హిల్ అనే పరిశోధకులు 1950లో ప్రచురించిన సిగరెట్ల టేబుల్ ఒకసారి చేత్తో లెక్కేసి చూడండి. ఊపిరితిత్తుల కాన్సర్ ఉన్న మగవాళ్ళు 649 మంది, వేరే జబ్బుతో వచ్చిన మగవాళ్ళు 649 మంది. మొదటి గుంపులో పొగ తాగనివాళ్ళు ఇద్దరే, రెండో గుంపులో 27 మంది. కై స్క్వేర్ 22. ఇక్కడే స్టూడెంట్లు పప్పులో కాలేస్తారు. పొగ తాగినవాళ్ళు మొత్తం 1269 మంది, అందులో కాన్సర్ ఉన్నవాళ్ళు 647, అంటే 51 శాతం, "పొగ తాగితే సగంమందికి కాన్సర్" అని రాసేస్తారు. ఆ 51కి అర్థం లేదు, ఎందుకంటే కాన్సర్ ఉన్నవాళ్ళనీ లేనివాళ్ళనీ సమానంగా తీసుకున్నది పరిశోధకులే, లేనివాళ్ళని రెట్టింపు తీసుకునుంటే ఆ శాతం ఇంకెంతో వచ్చేది. ఇలాంటి చోట నిలబడేది ఆడ్స్ రేషియో, ఇక్కడ అది 14. మీరు వరసల మొత్తాల్ని ముందే నిర్ణయించుకున్నారా, లేక అందరినీ పిలిచి ఎవరెక్కడ పడితే అక్కడ రాసుకున్నారా అన్నది మెథడ్స్ చాప్టర్‌లో రాయమని గైడ్లు పోరేది ఇందుకే.

సోషల్ సైన్స్ వాళ్ళకైతే 1973 బర్క్‌లీ యూనివర్సిటీ అడ్మిషన్లు చెప్తే చాలు. 8442 మంది మగవాళ్ళు అప్లై చేస్తే 44 శాతానికి సీటొచ్చింది, 4321 మంది ఆడవాళ్ళలో 35 శాతానికి. ఇంత మందితో ఇంత తేడా అంటే టెస్ట్ ఏం చెప్తుందో చెప్పక్కర్లేదు. కానీ బికెల్, ఆయన సహచరులు 1975లో డిపార్ట్‌మెంట్ల వారీగా విడగొట్టి చూస్తే ఆడవాళ్ళకి అన్యాయం జరిగిన తీరు కనపడలేదు, ఆ డిపార్ట్‌మెంట్ల ఫలితాల్ని విడివిడిగా లెక్కేసి తర్వాత కలిపి చూస్తే కాస్త వాళ్ళవైపే మొగ్గుంది, ఆడవాళ్ళు ఎక్కువగా అప్లై చేసినవి ఎవరికైనా సీటు దొరకడం కష్టమైన డిపార్ట్‌మెంట్లు, అదీ సంగతి. వాళ్ళు ఆ డిపార్ట్‌మెంట్లకే ఎందుకు వెళ్ళారన్నది మళ్ళీ ఇంకో పెద్ద ప్రశ్న, దానికి ఈ టేబుల్ జవాబు చెప్పలేదు. మూడో విషయం ఏదో వెనకాల ఉందని అనుమానమొస్తే దాని ప్రకారం టేబుల్‌ని విడగొట్టి, అన్నిటినీ కలిపి తీర్పు చెప్పే కోక్రన్-మాంటెల్-హెన్‌జెల్ టెస్ట్ ఉంది. మీ వృత్తుల టేబుల్‌లో చదువు అలాంటిదే అయ్యుండొచ్చు, ఫారంలో చదువు అడిగుంటే ఒకసారి విడగొట్టి చూడండి, 120 మందితో సెల్స్ పల్చబడతాయి గానీ దిక్కు తెలుస్తుంది.

కేటగిరీలు కాకుండా కొలతలుంటే, బరువు, వయసు లాంటివి, చాలామంది కోరిలేషన్ సున్నా వచ్చింది కాబట్టి సంబంధం లేదంటారు. మైనస్ 2, మైనస్ 1, 0, 1, 2 తీసుకుని వాటి వర్గాలు 4, 1, 0, 1, 4 పక్కన రాయండి, కోరిలేషన్ సరిగ్గా సున్నా, కానీ ఒకటి తెలిస్తే రెండోది పూర్తిగా తెలిసిపోతోంది. కోరిలేషన్ చూసేది గీతలా ఉందా అని మాత్రమే. వంపు తిరిగిన సంబంధాల్ని కూడా పట్టుకునేవి 1948లో హోఫ్‌డింగ్ టెస్ట్ నుంచి 2007లో వచ్చిన డిస్టెన్స్ కోరిలేషన్ దాకా ఉన్నాయి, మీ ప్రాజెక్టుకి వీటితో పని లేదు గానీ అన్నయ్యతో వాదనకి పనికొస్తాయి.

చివరగా ఒకటి అడగాలి, మీ ఉత్తరంలో రాయలేదు. ఈ 120 మందిని విడివిడిగా ఎంచారా, లేక ఓ పదీ పన్నెండు ఇళ్ళకి వెళ్ళి ఇంట్లో ఉన్నవాళ్ళందరినీ అడిగారా? ఒకే ఇంట్లో వాళ్ళు ఒకే మందుల పెట్టె వాడతారు, ఒకరు చూస్తే మిగతావాళ్ళు చూడకపోవచ్చు, ఏదైనా గానీ వాళ్ళ జవాబులు విడివిడి కావు. అలా అయితే రెండో టేబుల్‌కి కూడా మొదటి టేబుల్ జబ్బే ఉన్నట్టు, దానికి రావు-స్కాట్ సవరణ అని 1980లలో వచ్చింది, సర్వే డేటా విశ్లేషించే ప్యాకేజీల్లో ఉంటుంది, కాకపోతే ఎవరు ఏ ఇంటివాళ్ళో తెలిపే ఒక నిలువు మీ ఎక్సెల్ షీట్‌లో ఉండాలి. లేకపోతే ఫారాలు జత చేసేటప్పుడే అదీ ఎక్కించెయ్యండి, మళ్ళీ కట్టలు విప్పే పని తప్పుతుంది.